ట్రాక్టరుపై పనిముట్లకు చౌకగా ఒరలు, కొక్కెములు

ట్రాక్టరుతో పొలమునకు పోవు రైతు వెంట ఒక పార, ఒక గడ్డపార, గొడ్డలి, నాలుగు పానాలు, సుత్తి, గ్రీజు గన్ను తప్పక ఉండును. ఇవి ఎక్కడ పెట్టుచున్నారని అడిగినచో చాలమంది చూపు చోటు డ్రైవరు కాళ్ళ దగ్గరి రేకు, లేదా మడ్‌గార్డు మీది సందు, లేదా ట్రక్కులో ఏదో ఒక మూల. ఎడ్లబండి కాలములో ఇట్లు ఉండెడిది కాదు. ఇరుసుకు వేయు కందెన గొట్టమునకు బండి క్రింద ఒక త్రాడు, ఒక చోటు ఉండెడివి. చీకటిలో చేయి చాచినను అది అక్కడే దొరకెడిది. లక్షల రూపాయల యంత్రము వచ్చిన తరువాత ఆ పద్ధతి ఎందుకు పోయినదో తెలియదు.

విడిగా పడియున్న పనిముట్టు వలన కలుగు నష్టము చిన్నది కాదు. కాళ్ళ దగ్గర పెట్టిన పానా గట్లమీది కుదుపునకు జరిగి బ్రేకు పెడలు క్రిందికి చేరినచో, వెనుక నిండు ట్రక్కు తోయుచుండగా పెడలు దిగదు. దమ్ములో జారిపడిన కొడవలి గాని, లించి పిన్ను గాని బురదలో కనబడదు. మరునాడు అది నాట్లు వేయు ఆడకూలీల అరికాలికి తగులును, లేదా రొటవేటరు బ్లేడుకు తగిలి బ్లేడును వంచును. అందుచేత ప్రతి పనిముట్టునకు ఒక స్థిరమైన పట్టు ఉండవలెను. దీనికి కొనవలసినవి బోల్టులు, నట్లు, వాషర్లు మాత్రమే. తక్కినవన్నియు మీ పెరటిలో పడియున్నవే: లారీ లేదా ట్రాక్టరు పాత ట్యూబు, టైరు ప్రక్కగోడ ముక్కలు, బోరు వేసినప్పుడు మిగిలిన పి.వి.సి. పైపు, ఇనుప పైపు ముక్కలు, పాత యాంగిలరు తునకలు.

ముందు చోటు చూడుడు

పట్టు చేయుటకన్న చోటు ఎంచుట ముఖ్యము. పి.టి.ఓ. షాఫ్టు దరిదాపులలో ఏమియు కట్టరాదు. ఆ షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. 7.5 సెంటీమీటర్ల మందముగల షాఫ్టు ఒక్క సెకనులో 2 మీటర్లకు పైగా త్రాటిని తనకు చుట్టుకొనును. వ్రేలాడు ట్యూబు పట్టీ దానికి అందినచో పట్టీతోపాటు పనిముట్టు కూడ పోవును. అది పట్టుకొన్న చేయి కూడ పోవును. సైలెన్సరు ప్రక్కన రబ్బరు నిలువదు. బ్యాటరీ దగ్గర ఇనుప పనిముట్టు పెట్టినచో రెండు ధ్రువములకు తగిలి నిప్పు పుట్టును. ఎక్కు మెట్టునకు, చేతిపట్టునకు అడ్డము రారాదు. బోల్తా పడినప్పుడు మనిషిని కాపాడు పైచట్రము ఉన్న ట్రాక్టరులో ఆ చట్రమునకు రంధ్రము వేయుట గాని, దానిపై వెల్డింగు చేయుట గాని ఎన్నడును చేయరాదు. దాని బలమే దానికి ప్రయోజనము.

ఎంచిన చోట ముందు ఒక అట్టముక్కను పనిముట్టు ఆకారమున కత్తిరించి త్రాటితో కట్టి చూడుడు. పరికరమును పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి, ముందు చక్రములను ఇరువైపులకు చివరివరకు త్రిప్పి, ట్రక్కు తగిలించి మెల్లగా ఒక మలుపు తీసి, అట్ట ఎక్కడను నలగలేదని నిర్ధారణ చేసుకొన్న తరువాతనే బెజ్జము వేయవలెను. కొత్త ట్రాక్టరు వారంటీలో ఉన్నయెడల ముందు డీలరును అడుగుట మేలు.

మడ్‌గార్డు రేకు పలుచనిది. దానికి బోల్టు నేరుగా బిగించినచో కొన్ని నెలలలో బెజ్జము చుట్టు చీలును. రేకుకు రెండువైపుల అరచేయంత మందపు రేకుముక్క వేసి, నడుమ ట్యూబు ముక్క పరచి, 8 మి.మీ. బోల్టుతో బిగించుడు. దానికి 13 నంబరు పానా సరిపోవును. బోల్టు తల టైరు వైపునకు, నట్టు పైవైపునకు ఉండవలెను. ఇది చాలమంది తలక్రిందులుగా చేయుదురు. బోల్టు తోక లోపలికి పొడుచుకొని ఉండి, బురద పట్టిన టైరు ఉబ్బి తిరుగునప్పుడు దానిని కోయును. బెజ్జము వేయుటకు ముందు రేకు వెనుక తీగలు, ఆయిలు గొట్టములు లేవని చేతితో తడిమి చూడవలెను. మడ్‌గార్డు మీద పట్టులు అమర్చుటలో ఇంకొక లాభము కలదు: అక్కడ మనుషులు ఎక్కి కూర్చొనుటకు చోటుండదు. ఈ వ్యాసకర్తకు ఈ లాభమే పెద్దదిగా తోచును.

వెల్డింగు పనిని ట్రాక్టరుకు దూరముగా బల్లమీద చేసి, తయారైన పట్టును బోల్టులతో బిగించుట ఉత్తమము. తప్పక ట్రాక్టరుపైననే చేయవలసివచ్చినచో డీజిలు ట్యాంకు దగ్గర వద్దు. బ్యాటరీ నెగెటివు తీగను, ఆల్టర్నేటరు తీగలను ముందుగా విప్పవలెను. వెల్డింగు ఎర్తు పట్టు పనిచేయు చోటునకు ఆనుకొనియే ఉండవలెను. లేనిచో విద్యుత్తు బేరింగుల గుండా పోయి వాటిని చెరచును.

గడ్డపార, పార

గడ్డపార తూకము తక్కువగా తలపరాదు. గుండ్రని ఇనుప కడ్డీ మందమును మి.మీ.లలో కొలిచి, దానిని దానితోనే గుణించి, 162 చేత భాగించినచో మీటరుకు ఎన్ని కిలోలో తెలియును. ఈ లెక్క ప్రకారము 25 మి.మీ. మందము, ఒకటిన్నర మీటరు పొడవుగల గడ్డపార సుమారు 5.8 కిలోలు. ఇంత బరువు ట్రాక్టరుపై కాక ట్రక్కు అడుగున ఉండుట మంచిది. ట్రక్కు నేల క్రింద పొడవునా పోవు చానలు ప్రక్కన రెండు ఇనుప పైపు ముక్కలను ఒకే వరుసలో వెల్డింగు చేయించుడు. ముందు ముక్క చివర రేకుతో మూసి ఉండవలెను. వెనుక ముక్క గడ్డపార వెడల్పు మొన కూడ దూరునంత లావుగా ఉండి, దాని చివర అడ్డముగా ఒక పిన్ను పట్టు రంధ్రము ఉండవలెను. కోసుమొనను ముందుకు తోసి, వెనుక పిన్ను వేయుడు. బ్రేకు వేసినప్పుడు గడ్డపార ముందుకే దూకును గనుక మూసిన కొస ముందుండవలెను. చెరువుకట్ట ఎక్కునప్పుడు పిన్ను ఆపును. పిన్నుకు చిన్న గొలుసు కట్టనిచో వారము తిరుగకుండ పోవును. రెండు పైపులలోను ట్యూబు ముక్క చుట్టిన యెడల గలగల ఉండదు, అరుగుదల తగ్గును.

పార సంగతి వేరు. కర్రకు రేకు వంకరగా ఉండుటచేత ఎటు పెట్టినను ఏదో ఒకటి బయటికి పొడుచుకొని వచ్చును. రేకును పలకకు ఆనించినచో కర్ర బయటికి వచ్చును. కర్రను నిలువుగా వ్రేలాడదీసినచో రేకు మనిషి మోకాలికి ఎదురుగా నిలుచును. కర్రను అడ్డముగా పరుండబెట్టి, రేకు అంచు నేలవైపు ఉండునట్లు అమర్చుట ఒక్కటే తగిన మార్గము. ట్రక్కు ముందు పలకకు బయటివైపున రెండు యాంగిలరు ముక్కలు బిగించి, వాటి కొసలను కొంచెము పైకి వంచుడు. అవి పలకనుండి ఎంత దూరము రావలెనో మీ పార రేకు వెడల్పు చెప్పును: రేకు వెడల్పులో సగము, మరి నాలుగు వ్రేళ్ళు. కర్రను వాటిపై పెట్టి రెండుచోట్ల ట్యూబు పట్టీతో లాగి కట్టుడు. కర్ర చివర ట్రక్కు ప్రక్కలను దాటరాదు. పదునంచుకు టైరు ముక్కను చీల్చి తొడుగుడు.

పదునుగల వాటికి ఒర

గొడ్డలికి, కొడవలికి టైరు ప్రక్కగోడతో ఒర కుట్టవచ్చును. లోపల ఉక్కు తీగలు లేని టైరును ఎంచుడు. కత్తిని సబ్బునీటిలో ముంచుచు కోసినచో రబ్బరు తేలికగా తెగును. రెండు ముక్కలను కలిపి కుట్టిన ఒర ఎక్కువ కాలము ఉండదు, పదును కుట్టునే కోయును. అంచు పొడవునా రెండు ముక్కల నడుమ రెండు వ్రేళ్ళ వెడల్పు మూడవ పట్టీ పెట్టి, మూడింటిని కలిపి చిన్న బోల్టులతో బిగించుడు. పదును ఆ నడిమి పట్టీకి తగిలి ఆగును. అడుగున నీరు పోవుటకు సందు విడువవలెను.

గ్రీజు గన్నుకు 75 మి.మీ. పి.వి.సి. పైపు జానెడు ముక్క చాలును. మీ గన్ను లావు కొలిచి చూచుకొనుడు. పైపు ఒక కొసను మరుగు నీటిలో కొంతసేపు ఉంచినచో మెత్తబడును. దానిని బల్లపరుపుగా అదిమి, చల్లార్చి, అక్కడ బోల్టులు వేయుడు. మంటమీద కాల్చరాదు, ఆ పొగ విషము. 13, 17, 19, 24 నంబరు పానాలకు పాత టార్పాలిను గుడ్డతో గదులు కుట్టి చుట్టగా చుట్టి, ట్రాక్టరుతో వచ్చిన పెట్టెలో పెట్టినచో సరిపోవును. విడి లించి పిన్నులకు టైరు ముక్కలో వరుసగా బెజ్జములు చేసిన చాలును. ఒక బెజ్జము ఖాళీగా కనబడినప్పుడే పిన్ను పోయినదని తెలియును.

నట్ల క్రింద స్ప్రింగు వాషరు వేసి, మీదుగా రెండవ నట్టు బిగించుడు. కోసిన ఇనుప అంచులకు రెడ్ ఆక్సైడు పూయుడు. మొదటి పది గంటల పని తరువాత అన్ని నట్లను మరల బిగించి చూడవలెను. తరువాత దమ్ముకు ముందొకసారి, కోతలకు ముందొకసారి చాలును. ట్యూబు పట్టీలు ఎండకు, నూనెకు చిట్లును. వంచి చూచినప్పుడు పగులు కనబడినచో ఆ రోజే కొత్తది కోసి వేయుడు.