అక్షరాలు కనిపిస్తే చూపున్నట్టేనా?

మొదటి సంవత్సరంలో మన కాలేజీ వరండాలో మీలో ఎంతమందిని గుద్దుకున్నానో లెక్కలేదు. "వీడికి కళ్ళు నెత్తికెక్కాయిరా" అన్నారు. నాది పొగరు కాదు, రెటినైటిస్ పిగ్మెంటోజా అనే జబ్బు. రేచీకటితో మొదలై క్రమంగా పక్కచూపును మింగేస్తుంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదుటనున్నది మాత్రమే కనిపిస్తుంది.

సర్టిఫికెట్ కోసం వెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. ఇది వంశపారంపర్యమని తెలిస్తే చెల్లెలి పెళ్ళికి అడ్డమని ఆమె బెంగ. ఎలాగో ఒప్పించి వెళితే, ఆసుపత్రిలో గోడమీది చార్టు చివరి వరుసదాకా చదివేశాను. "శుభ్రంగా చదువుతున్నావు గదా, నీకెందుకయ్యా?" అని పంపేశారు. నోరెత్తకుండా వచ్చేశాను. ఏడాది పోయింది.

చట్టం అలా అనలేదని తర్వాత తెలిసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపును రెండు విధాల కొలుస్తుంది. మొదటిది అక్షరాలు: కళ్ళజోడు పెట్టినా, రెండింటిలో మెరుగైన కంటి చూపు 3/60 కంటె తక్కువైతే అంధత్వం. రెండవది చూపు పరిధి: అది 40 డిగ్రీలకు లోపైతే అల్పదృష్టి, 10 డిగ్రీలకు లోపైతే, అక్షరాలు కనిపించినా సరే, అంధత్వమే. ఈ పరిధిని కొలిచే పరీక్ష పేరు పెరిమెట్రీ. వినికిడికీ కొలతలున్నాయి: రెండు చెవులలోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టముంటే వినికిడి లోపం, 70 అయితే బధిరత్వం.

రెండోసారి పెరిమెట్రీ రిపోర్టు చేతబట్టుకుని వెళ్ళాను. పని జరిగింది.

దరఖాస్తు యూడీఐడీ పోర్టల్‌లో పెట్టుకోవాలి, ఆపైన వైద్యపరీక్ష. లోపం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నాయి. పరీక్షకు స్క్రైబ్ సాయం, గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడగవచ్చు. 40 శాతం లేదన్న ఒక్క కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించరాదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పంక్తి తప్పిపోయి మళ్ళీ వెతుక్కునే నాకు మూడు గంటల పేపరుకు ఇప్పుడు నాలుగు గంటలు. అది ఎవరి దయా కాదు.

మన క్లాసుల్లో వినబడకపోయినా తలూపేవాళ్ళు, బోర్డు కనబడక పక్కవాడి నోట్సు రాసుకునేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. నామోషీ పడకండి. నాలా ఏడాది పోగొట్టుకోకండి. తోడు కావాలంటే నేనొస్తాను. కాకపోతే చీకటి పడకముందే బయల్దేరదాం!