చలిదేశంలో తులసి నారు: ఇంటిలోపల పెంచే పద్ధతి

విజయనగరంలో తులసి మొలిపించుట ఎవరికీ నేర్పవలసిన విద్య కాదు. కోటలో రాలిన గింజ తనంతట తానే మొలుస్తుంది. కాని కెనడాలోని టొరంటోలో స్థిరపడిన మా అమ్మాయి రెండేళ్లు వరుసగా వేసిన నారు మొలిచిన వారానికే వాలిపోయింది. "నాన్నగారూ, మీరు చెప్పినట్టే రోజూ స్నానం చేసి చెంబుతో నీళ్లు పోశాను. ఏం అపచారం జరిగిందో!" అని ఫోనులో కంటతడి పెట్టింది.

అపచారం ఆమెది కాదు, నాది. చికిత్సకు ముందు దేశకాలాలు చూడవలెనని గురుకులంలో వల్లె వేసినవాడను. చరక సంహిత దేశాన్ని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా చెప్పింది. అది చదివిన నేనే మన ఎండకు తగిన సలహాను మంచుదేశానికి పంపాను. పిల్లలు విదేశాలలో ఉన్న కుటుంబాలు మన జిల్లాలలోనూ ఉన్నవి కనుక, తరువాత తెలుసుకొన్న సంగతులు వ్రాస్తున్నాను.

నారు ఎందుకు చనిపోతుంది?

తులసి ఉష్ణవీర్యం గలది, కఫవాతాలను హరిస్తుంది. అయినను తాను మాత్రం చలికి ఓర్వదు. డిసెంబరులో మనకు పగలు సుమారు 11 గంటలు, టొరంటోలో 9 గంటలే. వెలుగు తక్కువై, మన్ను ఆరక నిత్యం తడిగా ఉంటే శిలీంధ్రాలు పెరుగుతాయి. లేత కాడ మన్నును తాకేచోట మెత్తబడి, సన్నబడి, మొక్క పడిపోతుంది. ఇదే నారుకుళ్ళు తెగులు. పడిన మొక్కను బ్రతికించలేము. రాకుండా చూచుకొనుటయే మార్గం.

విత్తే విధానం

విత్తనాలు అక్కడి దుకాణాలలోనే కొనుట మేలు. ఇక్కడినుండి తీసుకొనిపోవుటకు ఆ దేశపు నిబంధనలు అడ్డు రావచ్చు. ఉగాది ప్రాంతంలో విత్తవలెను. అడుగున రంధ్రాలున్న కుండీలో పెరటి మట్టి కాక, కొత్త కొబ్బరిపీచు పొడిలో కొంత ఇసుక కలిపి నింపండి. దానిని తడిపి, గింజలను పైన చల్లి వ్రేలితో మెల్లగా అదమండి. లోతుగా పూడ్చరాదు. పైన పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పి, 21 నుండి 25 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే సాధారణంగా ఒకటి రెండు వారాలలో మొలుస్తాయి. మొలక కనబడగానే కప్పు తీసివేయవలెను.

వెలుగు, నీరు

మొలకలకు మూడు నాలుగు అంగుళాల ఎత్తున ఎల్.ఇ.డి. దీపం అమర్చి, రోజుకు 14 నుండి 16 గంటలు వెలిగించండి. రాత్రివేళ కిటికీ అద్దం చల్లబడుతుంది. కుండీని దానికి ఆనించి ఉంచకండి. పైమన్ను ఆరినప్పుడు మాత్రమే కుండీని నీళ్ల పళ్లెంలో పదిహేను నిమిషాలు ఉంచి తీయండి. పళ్లెంలో నీరు నిలువ ఉంచరాదు.

నాలుగు నుండి ఆరు నిజమైన ఆకులు వచ్చాక విడివిడి కుండీలలోనికి మార్చండి. రాత్రి చలి 10 డిగ్రీలకు దిగకుండా నిలకడపడిన తరువాత, రోజుకు కొంతసేపు చొప్పున వారం పది రోజులు బయటి గాలికి అలవాటు చేయండి. శరత్తులో చలి ముదరకముందే తిరిగి లోనికి తేవలెను. అక్కడ క్షీరాబ్ది ద్వాదశి పూజ ఇంటిలోనే.

మూడవ యేట మా అమ్మాయి వేసిన నారులో ఏడు మొక్కలు నిలిచాయి. మీ పిల్లలతో మాటలాడునప్పుడు "తులసికి నీళ్లు పోశావా?" అని అడుగుటకు ముందు "మన్ను ఆరిందో లేదో చూశావా?" అని అడగండి.