తలసీమియా: బిడ్డ రక్తంలో లోపం ఎక్కడుంది?



"సిస్టర్, మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నా మా బిడ్డకు ఎందుకు నిలవడం లేదు? మేము తిండి సరిగా పెట్టలేదా?" అని తలసీమియా పిల్లల తల్లులు అడుగుతుంటారు. అమ్మా, లోపం మీరు పెట్టే తిండిలో లేదు. ఎక్కడుందో తెలుసుకుందాం.

రక్తానికి ఎరుపునిచ్చేది హీమోగ్లోబిన్. అందులో ఒక భాగం బీటా గ్లోబిన్. దాన్ని తయారుచేసే విధానం మన జన్యువులో రాసి ఉంటుంది. తల్లి నుండి ఒక జన్యువు, తండ్రి నుండి ఒకటి వస్తాయి. ఎముక మూలుగలోని కణాలు ఆ జన్యువును చూసి ఆర్.ఎన్.ఎ. అనే నకలు రాసుకుంటాయి. దీన్ని ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. ఆ నకలులో కావలసిన ముక్కలు మూడు, వాటి మధ్య అక్కరలేనివి రెండు ఉంటాయి. అక్కరలేనివి కత్తిరించి, కావలసినవి అతికించడమే స్ప్లైసింగ్. జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో కనుగొన్నందుకు ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ అనే శాస్త్రవేత్తలకు 1993లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ రెండు పనులు చాలావరకు కలిసే జరుగుతాయి. పూలమాల కట్టడం చూడండి. ఒకరు పూలు అందిస్తుంటే, ఇంకొకరు ఆకులు తీసేసి కడుతుంటారు. మరీ వేగంగా అందిస్తే చిన్న పువ్వు జారిపోవచ్చు. కట్టే చెయ్యి చురుగ్గా ఉంటే అందించే చెయ్యి కూడా చురుకవుతుంది. కణంలోనూ అంతే. నకలు రాసే వేగాన్ని బట్టి కత్తిరింపు మారవచ్చు. కత్తిరింపు చక్కగా సాగితే నకళ్లు రాసే పని కూడా పుంజుకుంటుంది.

ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తులు జన్యువులోనే ఉంటాయి. మన దేశంలో బీటా తలసీమియాకు ఎక్కువగా కనిపించే కారణం అలాంటి గుర్తు చెడిపోవడమే. మొదటి అక్కరలేని ముక్కలో 5వ అక్షరం జి బదులు సి అవుతుంది. ఆ ఒక్క అక్షరంతో కత్తిరింపు తప్పు చోట పడుతుంది. సరైన నకళ్లు కొద్దిగానే తయారవుతాయి. అందుకే ఎక్కించిన రక్తం తరిగిపోతుంటే, దాని స్థానంలో బిడ్డ శరీరం చాలినంత కొత్త రక్తం తయారు చేసుకోలేదు.

మీరు గుర్తుంచుకోవలసినవి:

1. ఐరన్ టానిక్కు ఈ లోపాన్ని సరిచేయదు. మాటిమాటికి రక్తం ఎక్కించడం వల్లనే గుండెలో, కాలేయంలో ఐరన్ పేరుకుంటుంది. డాక్టరు చెప్పకుండా టానిక్కు ఇవ్వవద్దు. ఐరన్‌ను బయటికి పంపే మందులు మానవద్దు.

2. తల్లిదండ్రులిద్దరిలో చెరొక లోపపు జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 4లో 1 వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోకండి.

3. లోపపు జన్యువు ఒకటే ఉన్నవారు ఆరోగ్యంగానే కనిపిస్తారు. హీమోగ్లోబిన్ ఎ2 రక్తపరీక్షతో సాధారణంగా తెలుస్తుంది. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పెళ్లికి ముందే, లేదా గర్భం వచ్చిన తొలి వారాల్లోనే ఈ పరీక్ష చేయించుకోవాలి. మేనరికం సంబంధమైతే మరీ అవసరం.

4. కోడలిని నిందించకండి. బిడ్డకు ఈ జబ్బు వచ్చిందంటే లోపం ఇరువైపుల నుండి వచ్చినట్టే.

పుట్టు గుడ్డివానిని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, యేసు ప్రభువు వానినిగాని, వాని తల్లిదండ్రులనుగాని తప్పుపట్టలేదు. మనమూ తప్పు వెదకడం మాని బిడ్డను ఆదుకుందాం. ప్రభువు మీ ఇంటిల్లిపాదికి ధైర్యమిచ్చును గాక.