గతస్మరణము – హేతువు, పరమార్థము

కష్టము ప్రాప్తించినప్పుడు మానవుడు వెనుకకు తిరిగి చూచుకొనును. "ఇది నాకేల వచ్చినది?" అని తనను తాను ప్రశ్నించుకొనును. ఈ ప్రశ్నకు సంబంధించిన రెండు వృత్తాంతములు మన ఆర్షవాఙ్మయమున కలవు. ఒకటి దశరథ మహారాజుది. రెండవది నారద మహర్షిది.

శ్రీరాముడు వనమున కేగిన ఆరవనాటి అర్ధరాత్రమున దశరథునకు తన యౌవనమునాటి దుష్కృత మొకటి జ్ఞప్తికి వచ్చెను. వర్షాకాలమున, సరయూతీరమున, చీకటిలో కుండ నిండు ధ్వనిని విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని భ్రమించి, ఆయన శబ్దవేధి బాణమును విడిచెను. అంధులగు తల్లిదండ్రుల కొరకు నీరు ముంచుచున్న మునికుమారుడు ఆ బాణమునకు బలియయ్యెను. పుత్రశోకముతోనే నీవును మరణింతువని ఆ వృద్ధుడు రాజును శపించెను.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ వృత్తాంతమును కౌసల్య ఎత్తిచూపలేదు, వసిష్ఠుడును చెప్పలేదు. దశరథుడే కౌసల్యకు స్వయముగా చెప్పుకొనెను. తన కర్మమును తాను పరిశీలించుకొనుట వివేకము. బిడ్డను కోల్పోయిన తల్లి యెదుట నిలిచి "ఇది నీ పూర్వపాప ఫలము" అనుట నిర్దయ. కర్మసిద్ధాంతమును అట్లు ప్రయోగించువారు శాస్త్రము నెరిగినవారు కారు.

హేతువు తెలిసినను దశరథునకు శాంతి లభింపలేదు. ఆ రాత్రియే ఆయన ప్రాణములు విడిచెను. కావున కారణము తెలిసికొనుట యొకటి. పరమార్థమును గ్రహించుట వేరొకటి. ఈ రెండవదానికి నారదుని పూర్వజన్మ కథ నిదర్శనము.

నారదుడు పూర్వజన్మమున ఒక దాసీపుత్రుడు. చాతుర్మాస్యమునకు వచ్చిన యోగులను సేవించి, వారి ముఖమున హరికథలను వినెను. అతడు ఐదేండ్ల బాలుడుగా నుండగానే, రాత్రివేళ ఆవును పితుకబోయిన తల్లి సర్పదష్టయై మరణించెను. ఇది యెవరి దోషమని ఆ బాలుడు వెదకలేదు. దానిని భగవదనుగ్రహముగా భావించి ఉత్తరదిశగా పయనించెను. అరణ్యమున ధ్యానింపగా స్వామి హృదయమున సాక్షాత్కరించి, అంతలోనే అదృశ్యుడయ్యెను. బాలుడు మిక్కిలి పరితపించెను. తనయందు అనురాగము వృద్ధిపొందుటకే ఒక్కమారు దర్శనమిచ్చితినని అశరీరవాణిగా స్వామి తెలిపెను.

ఆ అనుభవము వ్యర్థము కాలేదు. వేదములను విభజించి, భారతమును రచించియు మనశ్శాంతి లేక సరస్వతీతీరమున చింతించుచున్న వ్యాసునకు నారదుడు తన ఈ కథనే చెప్పెను. దాని ప్రేరణచేతనే భాగవతము వెలసెను. పోతనామాత్యుని మూలమున అది తెలుగువారి యిండ్లకును చేరెను. ఒక అనాథబాలుని దుఃఖము కాలాంతరమున వేరొకని చింతను తీర్చి, లోకమున కంతటికి ఉపకరించెను.

నారదుని వలె దుఃఖమును తత్క్షణమే అనుగ్రహమని తలచుట అందరికిని సాధ్యము కాదు. అట్లు తలపలేనివారు తమను తాము నిందించుకొన నక్కరలేదు. శోకము శమించుటకు కాలము కావలెను. సంధ్యాదీపము వెలిగించి స్వామి యెదుట కూర్చున్నప్పుడు, గడచిన కష్టమున తమకు తోడైనవారిని స్మరించినచో చాలును. అట్టి కష్టమే నేడు ఇరుగుపొరుగున ఎవరికైన వచ్చియున్నదేమో విచారించి, కారణములు చెప్పక, వారికి తోడు నిలువవలెను. గతమునకు పరమార్థము అట్టి సేవయందే క్రమముగా తెలియవచ్చును.