హైదరాబాదు - జిద్దా: దూరము, ప్రయాణ కాలము

హైదరాబాదు నుండి జిద్దాకు ఆకాశమార్గమున దూరము సుమారు 4,100 కిలోమీటర్లు. గ్లోబుపై ఈ రెండు నగరముల నడుమ దారమును బిగించి పట్టినచో అది చూపునదే ఈ దూరము. గోడ పటముపై స్కేలుతో కొలిచినచో సరిగా రాదు. గంటకు 850 కిలోమీటర్ల వేగమున పోవు విమానము అయిదు గంటలలోపే చేరవలెను.

కాని టికెట్టు చూచినచో మనకు విస్మయము కలుగును. ఉదయము 10 గంటలకు ఇచట బయలుదేరి, అచట మధ్యాహ్నము 1.30కి దిగితిమనుకొందము. మూడున్నర గంటలే! తిరుగు ప్రయాణమున అచట 10 గంటలకు ఎక్కిన, ఇచట దిగునప్పటికి సాయంత్రము 5.30. ఏడున్నర గంటలు!

నిజము దీనికి తారుమారు. సౌదీ గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక నడచును. ఆ తేడాను సరిచేసినచో పోవుటకు ఆరు గంటలు, వచ్చుటకు అయిదు. శీతకాలమున పది కిలోమీటర్లకు పైయెత్తున పడమటి నుండి తూర్పునకు బలమైన గాలులు వీచును. పోవునపుడు అవి విమానమునకు ఎదురు నిలుచును; వచ్చునపుడు వెనుకనుండి నెట్టును. నేలపై పరుగు, పైకెక్కుట, దిగుట - వీటికి పట్టు కాలము అదనము.

ఇది లెక్కల ముచ్చట మాత్రమే కాదు. హజ్, ఉమ్రాలకు పోవు మన పెద్దలలో చక్కెర వ్యాధికి వేళ ప్రకారము మందు తీసుకొనువారు అనేకులు. వారు ప్రయాణమునకు ముందే వైద్యుని అడిగి, గడచు గంటలను బట్టి వేళ నిర్ణయించుకొనవలెను. జిద్దా గడియారము 1.30 చూపునపుడు వారి దేహమునకు సాయంత్రము 4 గంటలు.