వ్యాపారానికి బాధ్యత ఎక్కడ మొదలవుతుంది? – వేల్పూర్ నేర్పిన పాఠం



వ్యాపారం చేసేవారికి సమాజం పట్ల బాధ్యత ఉన్నదనే మాట మనం తరచు వింటున్నాము. ఫలానా కంపెనీ బడికి గదులు కట్టించిందనీ, ఊరికి మంచినీటి ట్యాంకు ఇచ్చిందనీ పత్రికలలో చదువుతున్నాము. ఇవి మంచి పనులే. అయితే లాభం వచ్చిన తరువాత అందులో కొంత తీసి ఇస్తే బాధ్యత తీరినట్లేనా? ఆ లాభం సంపాదించే తీరును కూడా చూడవలసి ఉన్నదా? ఈ పాఠంలో మనం ఆలోచించవలసిన విషయం ఇదే.

చట్టం ఏమంటున్నది?

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఉపయోగపడే పనులపై ఖర్చు చేయాలి. సహకార చట్టం కింద రిజిస్టరైన పాల సంఘానికి ఈ సెక్షను వర్తించదు. అంతమాత్రాన మనకు బాధ్యత లేదనుకోరాదు. 1995లో మాంచెస్టరులో అంతర్జాతీయ సహకార సమాఖ్య ఆమోదించిన ఏడు సహకార సూత్రాలలో చివరిది, సమాజం పట్ల శ్రద్ధ.

వేల్పూర్‌లో ఏమి జరిగింది?

చట్టం రెండు శాతం అడగడానికి పన్నెండేళ్ల ముందే నిజామాబాదు జిల్లా వేల్పూర్ మండలంలో ఒక పెద్ద పని జరిగింది. ఆ రోజుల్లో పల్లెల్లో పిల్లలను జీతానికి పెట్టడం మామూలు. ఇంట్లో రోగం వచ్చినా, పెళ్లి వచ్చినా తండ్రి ఆసామి దగ్గర అప్పు తెచ్చేవాడు. తీర్చే దారి లేక పిల్లవాణ్ణి పనికి అప్పగించేవాడు. ఏడాది పొడుగునా చేసిన పని వడ్డీకే చెల్లు. అసలు అట్లాగే ఉండేది.

2001లో అప్పటి కలెక్టరు జి. అశోక్ కుమార్ ఆధ్వర్యంలో వంద రోజుల ఉద్యమం సాగింది. బడి బయట ఉన్న పిల్లలను గుర్తించి, తల్లిదండ్రులతోను, పనిలో పెట్టుకున్నవారితోను, గ్రామ పెద్దలతోను మాట్లాడారు. మొదట వ్యతిరేకత వచ్చింది. చివరకు అప్పులిచ్చినవారే పిల్లల మీద ఉన్న బాకీలు వదులుకున్నారు. పిల్లలందరినీ బడిలో ఉంచుతామని సర్పంచులు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. 2001 అక్టోబరు 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. ఆ ఆసాములు బడికి చందా ఇచ్చి, పిల్లవాణ్ణి గొడ్ల వెంట ఉంచుకొని ఉండవచ్చు. అప్పుడు పేరూ వచ్చేది, పనీ జరిగేది. పిల్లవాడు మాత్రం గొడ్ల వెంటనే ఉండేవాడు. రావలసిన బాకీని, చవక పనివాణ్ణి వదులుకోవడం వల్లనే అతడు బడికి చేరాడు.

మన పాడికి దీనితో ఏమి సంబంధం?

పాలలో వెన్న శాతం కొలుస్తాము, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాము. ఆ బర్రెను ఎవరు మేపారో ఏ పరికరమూ చెప్పదు. ఉదయం పాలు పోయడం బడి వేళకు ముందే ముగుస్తుంది. మేత మాత్రం సరిగ్గా బడి నడిచే వేళలోనే. చదువు మానే ప్రమాదం అక్కడ ఉన్నది.

2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ కూలికి పెట్టుకోరాదు. బడి అయిన తరువాత, సెలవులలో సొంత ఇంటి పనికి సాయపడవచ్చు. అది ప్రమాదకరమైన పని కాకూడదు, చదువుకు అడ్డు రాకూడదు.

చట్టం కాదన్నంత మాత్రాన ఇంటి అవసరం తీరదు. అందుకు సంఘం చేయగల పనులు ఉన్నాయి:

1. పది ఇళ్లవారు కలిసి పెద్దవాడైన ఒక కాపరిని పెట్టుకోవచ్చు. జీతం పది భాగాలవుతుంది.

2. నీటి వసతి ఉన్నవారు కొద్దిపాటి చెక్కలో పచ్చిమేత పెంచితే, గొడ్ల వెంట తిరిగే పని తగ్గుతుంది.

3. అవసరానికి అప్పు కావలసిన సభ్యునికి, పాల బిల్లులో కొద్దికొద్దిగా పట్టుకొనే పద్ధతిపై అప్పు దొరికేటట్లు నియమావళికి లోబడి ఏర్పాటు చేయవచ్చు. అప్పుకు పూచీగా పాలు నిలిస్తే, పిల్లవాణ్ణి నిలపవలసిన అగత్యం ఉండదు.

మూడింటిలో ఈ చివరిదే ముఖ్యం. వేల్పూర్‌లో పిల్లలను పనికి కట్టిన తాడు అప్పే కదా!

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సభ్యుల ఇళ్లలో బడి వేళ పశువులను ఎవరు మేపుతున్నారు?

2. గత ఏడాది అప్పు కోసం బయటివారి దగ్గరకు పోయిన సభ్యులు ఎందరు? సంఘం ఏమి చేసి ఉండవచ్చును?

3. మన ఊరిలో ఉమ్మడి కాపరిని పెట్టుకోవడానికి ఎన్ని ఇళ్లు సిద్ధం?

జవాబులను మినిట్సు పుస్తకంలో రాయించండి. వచ్చే సమావేశంలో ముందుగా వాటినే చదవండి.