అమ్మమ్మ పాటలు రికార్డు చేయబోతున్న మేనకోడలికి



అమ్మమ్మ పాడే మంగళహారతులను, లాలిపాటలను ఈ వేసవిలో రికార్డు చేయాలన్న మేనకోడలు శైలజ సంకల్పం ఇంటిల్లిపాదినీ సంతోషపెట్టింది. అయితే గత ఉత్తరంలో రాసిన అంకెలు, అంటే 192 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు, మెమరీ కార్డు నిండిపోతుందన్న భయంతో 16 బిట్ల డెప్త్, మేనమామను కలవరపెట్టాయి. పొదుపు చేయదగిన చోట ఖర్చు, ఖర్చు పెట్టవలసిన చోట పొదుపు జరుగుతున్నాయి.

ధ్వని తరంగాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో ఆ సంఖ్యే శాంపిల్ రేటు. ఒక ధ్వనిని తిరిగి నిర్మించడానికి అందులోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలునని నైక్విస్ట్, షానన్‌ల సిద్ధాంతం చెబుతుంది. మనిషి చెవికి వినిపించేది దాదాపు 20 కిలోహెర్ట్జ్ వరకే కనుక సీడీకి 44.1, వీడియోకు 48 కిలోహెర్ట్జ్ స్థిరపడ్డాయి. 192 ఎంచుకుంటే ఫైలు 48 నాటికన్నా నాలుగింతలవుతుంది, అమ్మమ్మ గొంతు మాత్రం అదే ఉంటుంది. పాత టేపులను డిజిటల్‌లోకి మార్చేటప్పుడు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు ఉండాలని ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ సిఫారసు చేసింది. ఇంటి రికార్డింగుకు అంతకు మించి అక్కరలేదు.

 

బిట్ల సంగతి వేరు. కొలిచిన ప్రతి విలువను ఎంత సన్నని మెట్లలో నమోదు చేస్తారో బిట్ డెప్త్ తెలుపుతుంది. ఒక్కో బిట్టుకు సుమారు 6 డెసిబెళ్ల చొప్పున, రొదకూ గరిష్ఠ ధ్వనికీ మధ్య 16 బిట్లకు 96, 24 బిట్లకు 144 డెసిబెళ్ల దూరం లెక్క ప్రకారం దక్కుతుంది. 144ను రికార్డర్లు నిజంగా అందుకోలేవు, ఇంట్లో సీలింగు ఫ్యానే అంతకు ముందు అడ్డుపడుతుంది. అయినా 24 బిట్లు అవసరమయ్యేది లెవెల్ మీటరు పైభాగాన ధారాళంగా ఖాళీ వదలడానికి, మేనమామ బెంగంతా ఆ ఖాళీ గురించే.

మేనమామ యౌవనంలో, క్యాసెట్ల కాలంలో, టేపు రొదను కప్పడానికి మీటరు ముల్లు అప్పుడప్పుడు ఎరుపును తాకేలా లెవెల్ పెంచేవారు. ఒక శ్రీరామనవమికి ఊరి రామాలయంలో హరికథ రికార్డు చేస్తుండగా, మెల్లగా మొదలైన కథ సీతాకల్యాణానికి వచ్చేసరికి చిరుతలు, తాళాలు, భక్తుల గోవిందలు ఒక్కసారిగా మోగాయి. టేపు ఆ అతిని మెత్తబరచి ఓర్చుకుంది. ఆ క్యాసెట్టును అమ్మమ్మ ఎన్నేళ్లపాటు చుట్టాలందరికీ వినిపించిందో శైలజకు తెలుసు. డిజిటల్‌లో అలాంటి ఓర్పు లేదు. సున్నా డెసిబెళ్ల హద్దు తాకగానే తరంగ శిఖరాలు తెగిపోతాయి, ఆ పగులును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా మాన్పలేదు. లెవెల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న పాత అలవాటు కొత్త యంత్రాల దగ్గరకు రాకూడదు.

అమ్మమ్మ పల్లవిని గొణుగుతున్నట్టు ఎత్తుకుంటుంది, హారతి చివరి చరణంలో గొంతు విప్పుతుంది. అందుచేత ముందుగా ఆ చరణమే పాడించి, అత్యధిక శిఖరం మైనస్ 12 డెసిబెళ్లు దాటకుండా లెవెల్ నిలిపి, పాట మధ్యలో మీట ముట్టుకోకుండా ఉండాలి. ఆ 12 వదిలాక 16 బిట్లలో 84 డెసిబెళ్లే మిగులుతాయి, పల్లవిని తర్వాత పెంచినప్పుడు రొద కూడా దానితో పైకి వస్తుంది. 24 బిట్లలో ఆ చింత ఉండదు. కార్డు గురించి దిగులు అనవసరం: 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఒకే ఛానెల్ గంటకు సుమారు 520 మెగాబైట్లే తీసుకుంటుంది కాబట్టి 32 గిగాబైట్ల కార్డులో దాదాపు 60 గంటలు పడతాయి.

అమ్మమ్మకు ఆయాసం వస్తోంది కనుక పూటకు రెండు పాటలకు మించి పాడించకూడదు, మధ్యలో గోరువెచ్చని నీళ్లివ్వాలి. 192 కిలోహెర్ట్జ్ కోసం ఖరీదైన రికార్డరు కొనడం మానితే మిగిలే డబ్బుతో మంచి మైకు కొనాలి. తొలి ఫైలును ఎంపీ3గా కుదించకుండా, వేవ్ రూపంలోనే మేనమామకు పంపాలి.